ట్రాక్ డేకి రోజూ తిరిగే కారు: 91 పెట్రోలు చాలా, 100 కొట్టించాలా?

నాలుగోగేరు:
అన్నలందరికీ నమస్తే. వచ్చే నెల మొదటిసారి ట్రాక్ డేకి (మన కారే రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు) వెళ్తున్నా. కారు రోజూ ఆఫీసుకు తిరిగేదే. 1.4 టర్బో హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్, అంతా స్టాక్, కంపెనీ ఇచ్చినట్టే ఉంది. బుక్‌లెట్‌లో కనీసం 91 రాన్ (పెట్రోలు ఆక్టేన్ అంకె), 95 అయితే మంచిది అని ఉంది. ఇన్నాళ్లూ 91తోనే లాగిస్తున్నా, ఏ ఇబ్బందీ లేదు. మా ఫ్రెండేమో 100 కొట్టించి, పైన ఆక్టేన్ బూస్టర్ సీసా పొయ్యి, అప్పుడు చూడు పికప్ అంటున్నాడు. బరువు తగ్గుతుందని ట్యాంకు పావు వంతే ఉంచుదామనుకుంటున్నా. బ్రేకు ప్యాడ్లు సగానికి వచ్చాయి. బ్రేకు ఆయిల్ మాత్రం కారు కొన్నప్పటిదే, మూడేళ్లవుతోంది. ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

పాతపానా:
తమ్ముడూ, పెట్రోలు గురించి అంత రాసి, అసలు సంగతి చివర్లో ఒక్క లైనులో తేల్చేశావు. మూడేళ్ల బ్రేకు ఆయిల్‌తో ట్రాక్ ఎక్కొద్దు.

మామూలు బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా పోసినప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. రోడ్డు మీద ఆ వేడి ఎప్పుడోగానీ రాదు కాబట్టి మనకు తెలియదు. ట్రాక్‌లో పొడవాటి స్ట్రెయిట్ చివర గట్టిగా తొక్కడం, మళ్లీ ల్యాప్‌లో అక్కడే తొక్కడం. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. పాతది మొత్తం తీయించి మంచి డాట్ 4 గానీ 5.1 గానీ పోయించు, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడ్ చేయించు, అంటే లోపలి గాలి తీయించు. డాట్ 5 మాత్రం వద్దు. అది సిలికాన్, వీటితో కలవదు. 5కీ 5.1కీ చుట్టరికం లేదు, పేరు చూసి మోసపోకు.

సగం ప్యాడ్లతో మొదలుపెట్టొచ్చు. కానీ కొత్త సెట్టు ఒకటి డిక్కీలో ఉండాలి. కొత్తవి వేస్తే ముందే రోడ్డు మీద బెడ్డింగ్ చేసుకో, అంటే మెల్లమెల్లగా వేడెక్కిస్తూ ప్యాడ్లను డిస్కులకు అలవాటు చెయ్యి. లేకపోతే మొదటి వేడికి వాటిలోంచి గ్యాసు వచ్చి బ్రేకులు జారతాయి.

ఇక పెట్రోలు. 95 కొట్టించు, చాలు. సీసా దాని అరలోనే ఉండనీ. ట్యాంకు సగానికి పైన ఉంచు. పావు ట్యాంకుతో పొడవాటి వంపు తిరిగితే పెట్రోలంతా ఒక పక్కకు పోతుంది, పంపు గాలి లాగుతుంది. బూస్ట్ మీదున్న టర్బో ఇంజిన్‌కు ఆ క్షణంలో పెట్రోలు తగ్గడం మంచిది కాదు. 20 లీటర్ల పెట్రోలు బరువు 15 కిలోలు. ఆ మాత్రం బరువు తగ్గాలంటే డిక్కీలో స్టెప్నీ, జాకీ తీసి పక్కన పెట్టు.

బూస్ట్‌బాబు:
అన్నా, 100తో తేడా లేదంటే ఎలా? నా కారులో ఎండాకాలం 91 మీద బండి ఈడుస్తుంది, 100 కొట్టిస్తే లాగుడు తెలుస్తుంది. సీటు ఊరికే చెప్పదు కదా.

పాతపానా:
బాబూ, సీటు అబద్ధం చెప్పలేదు, నువ్వు లెక్క తప్పావు. నీకు తెలిసిన తేడా 91కీ 95కీ మధ్యది అయ్యుంటుంది. ఆక్టేన్ అంటే బలం కాదు, నాకింగ్‌ను (పెట్రోలు వేళ కాని వేళ తనంతట తానే పేలడం) తట్టుకునే ఓపిక. ఎండలో టర్బోలోకి వేడి గాలి వెళ్తుంది, నాక్ సెన్సర్ పసిగడుతుంది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, టైమింగ్ (స్పార్కు వేళ) వెనక్కి లాగుతుంది. అదే నీ ఈడుపు. 95 పోస్తే లాగిన టైమింగ్ తిరిగి ఇస్తుంది. ఈసీయూలో కంపెనీ రాసిన మ్యాప్ (సెట్టింగుల పట్టిక) ఎక్కడ ఆగుతుందో, ఆపైన ఎంత ఆక్టేన్ పోసినా దానికి చేసే పని లేదు. మ్యాప్ మార్పించి ఉంటే కథ వేరు, అప్పుడు ట్యూనర్ చెప్పిన పెట్రోలే.

సీసాల మీద ‘3 పాయింట్లు’ అని ఉంటుంది చూడు. చాలాసార్లు అది 0.3. అంటే 91 కాస్తా 91.3. లెడ్ ఉన్న రేసు పెట్రోలు ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ రెండూ పోతాయి. ఇంకో మాట: అమెరికా బంకుల్లో అంకె రాన్, మాన్ అనే రెండు ఆక్టేన్ కొలతల సగటు. అక్కడి 91 అంటే రాన్ లెక్కలో 95 దరిదాపులు. ఆ దేశం వాళ్ల వీడియోలు చూసి అంకెలు పోల్చకండి.

సుద్దముక్క:
టైర్ల గురించి ఎవరూ ఎత్తలేదు. సెషన్ ముందు టైరు అంచు మీద, ట్రెడ్ నుంచి పక్కగోడ మీదికి దిగేలా సుద్దతో అడ్డంగా గీత గియ్యండి. చాలా టైర్లకు అంచున చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. వచ్చాక చూస్తే సుద్ద ఆ గుర్తు దాటి చెరిగిపోయిందా, టైరు పక్కకు వాలిపోతోంది, గాలి తక్కువ. గుర్తుకు చాలా పైనే సుద్ద మిగిలిందా, గాలి ఎక్కువ. వేడికి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి దిగగానే వేడి మీదే చూసి కాస్త తీయాలి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవడం మరవద్దు.

నాలుగోగేరు:
అన్నా, ఆయిల్ మార్పిస్తున్నా. 95 ఆ రోజే కొట్టిస్తే చాలా? సెషన్ అయ్యాక వెంటనే బండి ఆపేయొచ్చా?

పాతపానా:
ఆ రోజుకు ముందు కొట్టించే ట్యాంకు నుంచే 95 వాడు, ఈసీయూకి అలవాటు కావాలి. ఇంజిన్ ఆయిల్ పై గీత దాకా ఉంచు, దాటనీయకు. చివరి ల్యాప్ బ్రేకు వీలైనంత తక్కువ తొక్కుతూ నిదానంగా తిరుగు, చల్లబడుతుంది. పిట్‌లోకి వచ్చాక ఒకట్రెండు నిమిషాలు ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఆపు. హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, గేరులో పెట్టి చక్రానికి అడ్డం పెట్టు. వీల్ నట్లు ప్రతి సెషన్ తర్వాత టార్క్ రెంచ్‌తో చూసుకో. రెంచ్ లేకపోతే పక్క గ్యారేజీలో అడుగు, ఎవరో ఒకరు ఇస్తారు.