జీతంలో తేడా: హెచ్ఆర్ తేల్చేదాకా ఆగకండి

అమ్మా, మీ ప్రశ్న చూశాను. మీతో పాటే చేరి అదే పని చేస్తున్న అబ్బాయికి జీతం ఎక్కువని తెలిసి అడిగితే, హెచ్ఆర్ వాళ్లు "చూస్తున్నాం" అంటూ నాన్చుతున్నారన్నారు. ముందు ఉద్యోగ వివక్ష కేసులు చూసే ఒక సివిల్ రైట్స్ లాయర్‌ని కలవండి. ఈఈఓసీలో, అంటే ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థలో, ఫిర్యాదుకు 180 రోజులే గడువు, చాలా రాష్ట్రాల్లో 300. ఆఫీసులో విచారణ నడుస్తున్నా ఆ గడువు ఆగదు.

అలబామాలో టైర్ల ఫ్యాక్టరీలో లిల్లీ లెడ్‌బెటర్ దాదాపు 19 ఏళ్లు పనిచేశారు. అదే పనికి మగవాళ్లకు ఎంత ఇస్తున్నారో, ఎవరో పేరు రాయకుండా చీటీ పెడితేగానీ ఆవిడకు తెలియలేదు. జ్యూరీ ఆవిడ వైపే నిలిచింది. కానీ గడువు దాటిందని 2007లో సుప్రీంకోర్టు 5-4తో కాదనేసింది. ఎంత అన్యాయం! తెలియని విషయం మీద ఎవరైనా ఎలా ఫిర్యాదు చేస్తారు? 2009లో ఆవిడ పేరుతోనే చట్టం వచ్చాక, వివక్షతో తగ్గించి ఇచ్చిన ప్రతి జీతంతోనూ గడువు కొత్తగా మొదలవుతోంది. ప్రమోషన్ ఆపినా, ఉద్యోగం తీసేసినా మాత్రం పాత లెక్కే, ఆ నిర్ణయం నుంచే గడువు నడుస్తుంది.

లాయర్ మీ హోదా పేరు కంటే, మీరిద్దరూ రోజూ చేసే పని ఒకటేనా అని ఎక్కువ అడుగుతారు. కంపెనీ చెప్పిన కారణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మొదట "అతనికి అనుభవం ఎక్కువ" అని, తర్వాత "మార్కెట్ రేటు" అని మాట మారిస్తే, కోర్టులో అదే గట్టి ఆధారం కావచ్చు. అందుకే ఎవరు, ఏ రోజు, ఏమన్నారో ఇంట్లో మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆఫీసు ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, దాన్ని మీ మీదకే తిప్పుతారు.

ఫీజు గురించి బెంగపడకండి. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా తీసుకునే లాయర్లు చాలామంది ఉన్నారు. ఉద్యోగుల తరఫున మాత్రమే వాదించేవాళ్లనే వెతకండి, నేషనల్ ఎంప్లాయ్‌మెంట్ లాయర్స్ అసోసియేషన్‌లో దొరుకుతారు.

వీసా ఏదైనా, ఉద్యోగంలో వివక్షను నిషేధించే టైటిల్ సెవెన్ చట్టం మీకు వర్తిస్తుంది, కంపెనీలో 15 మంది ఉంటే చాలు. ఫిర్యాదు చేశారని కక్ష కట్టడమూ నేరుగా చట్టవిరుద్ధమే. అయినా హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజులకు మించి టైమ్ ఇవ్వరు కాబట్టి, ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ ముందే మాట్లాడండి. ఉద్యోగం తీసేస్తూ డబ్బిచ్చే ఒప్పందం (సెవరెన్స్) కాగితాలు చేతికిస్తే లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి.

కంపెనీ పేరు ఇక్కడ రాయకండి. మీది ఏ రాష్ట్రమో చెబితే, 180 వర్తిస్తుందో 300 వర్తిస్తుందో చూసి చెబుతాను.