టైటానిక్ ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చా? మామ, అత్త, పిల్లకాయలు అందరూ ఉంటారు

కొర్లగుంట_కోడలు:
అందరికీ నమస్తే, మాది తిరుపతి. సెలవులకి మా ఆడబిడ్డ వాళ్లు చిత్తూరు నుంచి వచ్చి ఉండారు, ఇంట్లో మొత్తం తొమ్మిది మందిమి. మా ఆయన ఎవరినో అడిగి ప్రొజెక్టర్ తెచ్చినాడు, రాత్రి అన్నాలు అయినాక మిద్దె మీద తెల్ల దుప్పటి కట్టి సినిమా వేస్తా ఉండాం. రెండు రోజులు పాత తెలుగు సినిమాలు అయినాయి, ఇప్పుడు పిల్లకాయలు టైటానిక్ టైటానిక్ అని ప్రాణం తీస్తా ఉండారు. మావాడికి 14, ఆడబిడ్డ కూతురికి 12, మా పాపకి 9. బళ్లో ఎవరో చెప్పినారంట దానికి 11 ఆస్కార్లు వచ్చినాయి, చూడకపోతే వేస్టు అని.

నేను పెళ్లికి ముందు ఎప్పుడో హాస్టల్లో చూసినా, ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఆ బొమ్మ గీసే సీనూ ఆ కారు సీనూ మాత్రం బాగా గుర్తుండాయి (అవెవరు మర్చిపోతారులే). మా మామ ఆర్టీసీలో కండక్టరుగా రిటైర్ అయినాడు, టీవీలో సబ్బు యాడ్ వచ్చినా ఛానల్ మార్చేసే మనిషి. ఆయన ముందర అంత పెద్ద దుప్పటి మీద ఆ సీను పడిందంటే నేను మిద్దె మీంచి దూకాల్సిందే. మా ఆయనేమో అప్పుడు స్కిప్ కొడదాంలే అంటాడు, ఆయన స్కిప్ కొట్టడం నాకు తెలుసు, ముందుకి పోబోయి వెనక్కి పోతాడు, అదే సీను రెండుసార్లు చూడాల్సొస్తుంది. ఎవరైనా పిల్లల్తో, పెద్దోళ్లతో కలిసి చూసినోళ్లు ఉంటే చెప్పండి.

బైరాగిపట్టెడ_బాబాయ్:
చూడండమ్మా, ఏం కాదు. ఒక మాట అంటా ఏమనుకోవద్దు, మన వాన పాటలు ఇంటిల్లిపాదీ పప్పన్నం తింటా చూస్తాం, హీరో హీరోయిన్ చెంప పగలగొడితే ఈలలు వేస్తాం, అప్పుడు రాని సిగ్గు ఓడలో ఒక పిల్లోడు పెన్సిలు పట్టుకుని బొమ్మ గీస్తే వచ్చేస్తుంది. కాకపోతే టైమ్ చూసుకోండి, 3 గంటలా 14 నిమిషాలు సినిమా. తొమ్మిదికి మొదలుపెడితే పన్నెండు దాటిపోద్ది, మిద్దె మీద దోమలే మీ ఫ్యామిలీని సగం లేపేస్తాయి.

చిత్తూరు_సినిమా_పిచ్చోడు:
అక్కా వివరంగా చెప్తా, నేను ఈ సినిమా ఎన్నిసార్లు చూసినానో లెక్కలేదు, 2012లో త్రీడీలో మళ్లీ వదిలినప్పుడు కూడా చెన్నై పోయి చూసినా.

అమెరికాలో దీనికి పీజీ 13 ఇచ్చినారు, అంటే 13 లోపు పిల్లలకి పెద్దోళ్లు ఆలోచించి చూపించాలని. ఇంగ్లండులో 12. మన దగ్గర 2024 నుంచి యూఏ ని మూడు ముక్కలు చేసినారు, 7+, 13+, 16+ అని, ఓటీటీలో సినిమా మొదట్లోనో వివరాల్లోనో వయసు గుర్తు ఉంటుంది చూసుకోండి. కానీ ఆ అంకె మీ మామ పక్కన కూర్చున్నప్పుడు పనికిరాదు, అది నిజం.

మీరు భయపడే రెండు సీన్లూ ఓడ ఐస్‌బర్గ్ ని గుద్దుకునే ముందే, ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా వస్తాయి. బొమ్మ సీన్లో హీరోయిన్ ఒంటి మీద బట్టలు లేకుండా నిజంగానే కనిపిస్తుంది, దాచిపెట్టి చెప్పి లాభం లేదు, కానీ తీసిన పద్ధతిలో వెకిలితనం లేదు. కారు సీన్లో కనపడేది తక్కువ, ఆవిరి పట్టిన అద్దం మీద చెయ్యి, అంతే, కానీ పన్నెండేళ్ల పిల్ల "లోపల ఏం చేస్తా ఉండారు" అని అడిగితే మీరేం చెప్తారో ముందే అనుకోండి. ఇవి కాక సిగరెట్లు, పేకాట, ఉమ్మి చానా దూరం పడేట్టు ఎట్ల ఉమ్మాలో హీరో హీరోయిన్ కి నేర్పించే సీను (మీవాడు మర్నాడే మిద్దె మీంచి ప్రాక్టీస్ మొదలుపెడతాడు), కట్టుకోబోయేవాడు టేబుల్ తలకిందులు చెయ్యడం, చెంపదెబ్బ కొట్టడం ఉంటాయి. సినిమా మొదట్లోనే అమ్మాయి ఓడ వెనక కమ్మీ దాటి దూకబోతుంది, ఆ ముక్క ఎవరూ చెప్పరు, 14 ఏళ్ల పిల్లల పక్కన కూర్చున్నప్పుడు నాకైతే బొమ్మ సీను కంటే అదే ఇబ్బంది అనిపించింది.

స్కిప్ మాటకొస్తే, రిమోట్ అన్న చేతిలో పెట్టొద్దు, మీ పిల్లోడికి ఇవ్వండి, ఈ కాలం పిల్లలకి పది సెకన్లు పది సెకన్లు ఎగరడం వచ్చు.

తిరుచానూరు_అమ్మ:
చెల్లీ, అందరూ బొమ్మ సీను గురించే మాట్లాడతా ఉండారు. నేనూ అట్లే అనుకుని పోయిన ఏడాది మా పిల్లోళ్లకి వేసినా, బొమ్మ సీను రాంగానే "పాలు పొంగిపోతాయి రండి" అని ఇద్దర్నీ వంటింట్లోకి లాక్కుపోయి, అయినాక కూర్చోబెట్టినా, గండం గడిచిందని హాయిగా ఉండా. అసలు గండం తర్వాత వచ్చింది.

మా అమ్మగారి ఊరు రాయలచెరువు కింద. 2021 నవంబర్ వానలు గుర్తుండే ఉంటాయి కదా మీకు, తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయినాయి, స్వర్ణముఖి పొంగింది, ఆ పక్క చెరువు కట్ట కారతా ఉందని కింద ఊళ్లన్నీ ఖాళీ చేయించినారు. మేము అప్పుడు అమ్మ దగ్గరే ఉండాం. రాత్రి పూట పిల్లని చంకనేసుకుని, టార్చిలైటు పట్టుకుని, గిన్నెలు అన్నీ అట్లే వదిలేసి బయటపడినాం. కట్ట తెగలేదు, దేవుడు మేలు చేసినాడు. పాపకి అప్పుడు అయిదేళ్లు, మర్చిపోయిందిలే అనుకున్నా.

సినిమాలో ఓడ లోపల సందుల్లో నీళ్లు తలుపులు బద్దలుకొట్టుకుని వస్తాయి చూడు, ఒక చిన్నపిల్లోడు ఏడుస్తా నిలబడి ఉంటాడు, వాళ్ల నాన్న వచ్చి ఎత్తుకుంటాడు, అంతలో నీళ్లు ఇద్దర్నీ కొట్టుకుపోతాయి. మా పాప అరవలేదు, ఏడవలేదు. లేచి పోయి వీధి తలుపు గడియ పెట్టి, గడప కింద గోనెసంచి దూర్చి వచ్చి కూర్చుంది. నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు అయింది. ఆపేసినా అక్కడికక్కడే. నెల రోజులు వానొస్తే నిద్రపోలేదు. మీ పాపకి తొమ్మిది అంటే అప్పటికి నాలుగో అయిదో ఉంటాయి. కొర్లగుంటలో మీ వీధికి నీళ్లు వచ్చినాయా లేదా నాకు తెలీదు, అది గుర్తు చేసుకుని అప్పుడు వెయ్యండి.

పుత్తూరు_పెద్దాయన:
నా అభిప్రాయం వేరు. నీళ్లూ కాదు బొమ్మా కాదు, కథే మంచిది కాదు. ఏప్రిల్ 10న ఓడ ఎక్కినారు, 14 రాత్రి గుద్దుకుంది. నిశ్చితార్థం అయిన 17 ఏళ్ల పిల్ల మూడు రోజుల పరిచయానికి తల్లినీ అందర్నీ వదిలేసి పోతుంది. అది చూసి ఏడ్చి, మన పిల్లలు ఎవరితోనన్నా మాట్లాడితే ఫోన్లు లాక్కుంటాం. ముందు మనం ఒక మాట మీద ఉండాలి కదా.

బడి_టీచరమ్మ:
పెద్దాయనా, మీ చివరి మాట నిజం, ఒప్పుకుంటా. కానీ ఆ పిల్ల ఎందుకు పోతుందో కూడా చూడండి. తండ్రి పోయినాడు, అప్పులు మిగిల్చినాడు, తల్లి ఆ అప్పుల్లోంచి బయటపడటానికి కూతుర్ని డబ్బున్నోడికి కట్టబెడతా ఉంది, కార్సెట్ (నడుం బిగించి కట్టే లోపలి బట్ట) తాళ్లు బిగిస్తా బిగిస్తానే ఆ మాట చెప్తుంది. ఇది మన జిల్లాలో కొత్త కథా? నేను తొమ్మిదో తరగతికి చెప్తాను, ఏటా ఎండాకాలం సెలవులు అయినాక ఒకరో ఇద్దరో ఆడపిల్లలు బడికి తిరిగి రారు, కనుక్కుంటే పెళ్లి అయిపోయిందంటారు. కాబట్టి 12 ఏళ్ల పిల్ల, 14 ఏళ్ల పిల్లోడు అది చూడటంలో నాకు తప్పు కనపడదు, పక్కన మాట్లాడే పెద్దోళ్లు ఉంటే చాలు.

ఇంకోటి, హీరో హీరోయిన్లు జాక్, రోజ్ ఇద్దరూ కల్పితం, కానీ ఓడ మునగడం నిజం. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40 కి గుద్దుకుంది, తెల్లవారుజామున 2:20 కి మునిగిపోయింది. ఓడలో దాదాపు 2,200 మంది, పడవలు 20, వాటిలో అందరూ కుక్కుకుని కూర్చున్నా 1,178 మందికే చోటు. విచిత్రం ఏందంటే అది అప్పటి చట్టం ప్రకారం తప్పు కాదు, రూలు ఓడ సైజుని బట్టి రాసినారు, మనుషుల్ని లెక్కేసి కాదు, నిజానికి రూలు అడిగినదానికంటే నాలుగు ఎక్కువే పెట్టినారు. 1,500 మంది దాకా పోయినారు. మూడో క్లాసు పిల్లల్లో మూడింట రెండొంతుల మంది చనిపోతే ఫస్టు క్లాసు పిల్లలు దాదాపు అందరూ బతికినారు. సినిమాలో ఇనప గేటు వెనక ఉండిపోయిన జనం, తన ఇద్దరు పిల్లలకి కథ చెప్పి నిద్రపుచ్చే తల్లి, మంచం మీద ఒకరినొకరు పట్టుకున్న ముసలి దంపతులు, ఇవన్నీ అర్థం కావాలంటే ఈ లెక్క పిల్లలకి ముందే తెలియాలి. ఆ ముసలి దంపతులకి మూలం నిజం మనుషులే, స్ట్రాస్ అని వ్యాపారి, ఆయన్ని వదిలి పడవ ఎక్కనని ఆయన భార్య ఉండిపోయింది. అదే సినిమాలో ఒక ఆఫీసరు తుపాకితో కాల్చుకుని చచ్చిపోయినట్టు చూపించినారు, దానికి ఆధారం లేదని ఆయన సొంత ఊరోళ్లు గొడవ చేస్తే సినిమా కంపెనీ వాళ్లు ఆ ఊరికి పోయి సారీ చెప్పుకున్నారు. తెర మీద కనపడిందంతా జరిగిందే అనుకోకూడదని మీవాడికి ఈ ముక్క చెప్పండి.

తిరుచానూరు అక్క చెప్పింది వంద శాతం కరెక్టు. అన్నిటికంటే కష్టమైన సీను చివర్లో ఉంది, పడవ వెనక్కి తిరిగొచ్చి బతికినోళ్ల కోసం వెతుకుతుంది, గడ్డకట్టిన తల్లి, చేతిలో పసిబిడ్డ. తొమ్మిదేళ్ల పాపకి అది వద్దు. ఓడ గుద్దుకునే దగ్గర ఆపి ఆ రోజుకి ఇంటర్వెల్ అనండి, రెండో సగం పెద్ద పిల్లలకి మర్నాడు వెయ్యండి.

కొర్లగుంట_కోడలు:
అందరికీ థాంక్స్. తిరుచానూరు అక్కా, నీ మెసేజ్ చదివి చానాసేపు కూర్చుండిపోయినా. మా ఇంట్లోకి అప్పుడు మోకాలు కింద దాకా నీళ్లు వచ్చినాయి, పాపని మంచం మీద కూర్చోబెట్టి నేను బియ్యం డబ్బాలు అటక మీదకి ఎక్కిస్తా ఉండా. అది నాకు తట్టనే లేదు, నేను మామ మొహమే ఆలోచిస్తా ఉండా. పాపని అడిగితే "అప్పుడు నా బొమ్మ పోయింది" అనింది, అంతే. ఏం గుర్తుందో ఏం లేదో ఎట్ల తెలుస్తుంది.

సరే జరిగింది చెప్తా. రెండు రోజులుగా చేసినాం. మొదటి రోజు అందరం చూసినాం, ఓడ మెట్లు, ఆ గాజు కప్పు, కింద మూడో క్లాసులో డాన్సు, పాపకి భలే నచ్చింది. రెండో రోజు మా అత్త పాపని తీసుకుని కింద పడుకునింది, మామిడికాయ ముక్కలు కోసిస్తానని చెప్పి, అదేమో ఆనందంగా పోయింది.

బొమ్మ సీను సంగతి. హీరోయిన్ ఆ నెక్లెస్ బయటికి తీయంగానే మా మామ లేచి "మోటరు ఆపినారా లేదా, ట్యాంకు పొంగతా ఉంటుంది" అని గబగబా దిగిపోయినాడు. మావాడు టకటకా ఎగరేసినాడు, మేము దిక్కులు చూసినాం. కారు కూడా దాటిపోయి, పైన కాపలా వాళ్లు గంట కొడతా ఉంటే అప్పుడు సరిగ్గా పైకి వచ్చి కూర్చున్నాడు. మోటరు సాయంత్రమే ఆపేసి ఉండాది.

రెండో రోజు ఆయనే ముందు వచ్చి కుర్చీ వేసుకున్నాడు. పిల్లకాయలు ఏడుస్తా ఉండారు, మా ఆడబిడ్డ ఏడుస్తా ఉంది, ఆయన మాత్రం పడవలు దించేటప్పుడు వేళ్ల మీద లెక్కేస్తా ఉండాడు. మావాడు టీచరమ్మ చెప్పిన లెక్క చెప్పి, ఫోన్లో ఇంకా వెతికి, ఒక పడవలో 40 మందికి చోటుంటే 12 మందితో దించేసినారు తాతా అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడినాడు. "పన్నెండు మందితో బండి తీసినాడా? ఎవుర్రా వాడికి రైట్ చెప్పింది?" రాత్రి పదకొండుకి పక్కింటోళ్లు లేచి చూసినారు. తిరుమల ఘాట్ రోడ్డు డ్యూటీలో సీటుకి ఒకరు కంటే ఎక్కించేవాళ్లం కాదు, కానీ సీటు ఖాళీ పెట్టి బండి కదిలించింది లేదు అని పొద్దున కాఫీ దగ్గర కూడా అదే మాట.

చిత్తూరు_సినిమా_పిచ్చోడు:
అక్కా అది సరే గానీ నెక్లెస్ కనపడంగానే దిగి, గంట కొట్టేటప్పటికి పైకొచ్చినాడంటే లెక్క కుదిరింది చూడు. 98లో ఈ సినిమా హాళ్లలో ఆడేటప్పుడు వేలూరు పక్క డ్యూటీ ఏమన్నా పడిందేమో మామని నిదానంగా అడుగు.