సీసం పని చేసే మనిషికి నేల ఉసిరి పొడి సరిపోతుందా?

కాకినాడ_కోడలు:
మేం బెంగళూరు దాసరహళ్లిలో ఉంటాం. మా ఆయన పీణ్యలో పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే చోట నాలుగేళ్లుగా పని చేస్తున్నారు. పోయిన వారం టెస్టు చేయిస్తే రక్తంలో సీసం డెసిలీటరుకు 41 మైక్రోగ్రాములు, లివర్ టెస్టు ఎస్‌జీపీటీ 88 వచ్చాయి. కామెర్లకి అదే కదా మందు అని మా అత్తయ్య ఊరి నుంచి నేల ఉసిరి పొడి పంపారు, పక్కింటావిడేమో మిల్క్ థిసిల్ అనే మొక్క బిళ్లలు వేస్తే లివర్ కడిగినట్టు అవుతుందంటోంది. నెట్‌లో చూస్తే సీసం పెట్టిన ఎలుకలకి మొక్కల సారం ఇస్తే బాగయ్యాయని బోలెడు పేపర్లున్నాయి. ఏది మొదలుపెట్టమంటారు? మూడేళ్ల బాబున్నాడు, చాలా టెన్షన్‌గా ఉంది.

ఎలుకల_ల్యాబు:
అక్కా, ఫార్మకాలజీ చదివేటప్పుడు నేను చేసిన ప్రాజెక్టు అచ్చంగా ఇదే. ఎలుకలకి రోజూ లెడ్ అసిటేట్, అంటే సీసం ఉప్పు, ఇస్తాం, ఇంకో గుంపుకి దాంతోపాటే మొక్క సారమూ ఇస్తాం. సీసం లివర్ కణాల్ని కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని పట్టేసుకుంటుంది, అది తరిగితే కణాల పొరలు దెబ్బతిని లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి, మీ రిపోర్టులో ఎస్‌జీపీటీ అంటే అలాంటి ఎంజైమే. మిల్క్ థిసిల్‌లోని సిలిమారిన్, పసుపులోని కర్క్యుమిన్ ఆ దెబ్బని కొంత ఆపుతాయి, స్లయిడు మీద నా కళ్లతో నేనే చూశాను. కానీ ఆ ఎలుకలకి సీసంతోపాటే మొదలుపెట్టాం, నాలుగేళ్ల తర్వాత కాదు. పైగా దెబ్బ తగ్గడం వేరు, సీసం ఒంట్లోంచి పోవడం వేరు. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది.
ఇంకోటి, ఎస్‌జీపీటీ పెరిగిందంటే అది సీసం వల్లేనని అనుకోకండి. ఫ్యాటీ లివర్, హెపటైటిస్ బి, తాగుడు అలవాటు, ఏదైనా కావచ్చు, అవి కూడా చూడమని డాక్టర్ని అడగండి.

ప్లేట్ల_సెక్షన్:
అమ్మా, నేను ఇదే పని పదకొండేళ్లు చేశాను. ఆరు నెలలు కషాయం తాగాను, సీసం ఇసుమంతైనా తగ్గలేదు, ఎందుకంటే అదే చేత్తో బీడీ, అదే చేత్తో టిఫిన్ డబ్బా. మీ ఆయన చొక్కా కాలరు మడత విప్పి చూడండి, బూడిద రంగు గీత కనిపిస్తే అదే దుమ్ము. స్నానం, బట్టలు మార్చడం అక్కడే అయ్యాక ఇంటికి రమ్మనండి. ఆ బట్టలు దులపకండి, బకెట్ వేరే పెట్టండి. బాబుకి కూడా టెస్టు చేయించండి, డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతకమని డబ్ల్యూహెచ్ఓ చెప్తోంది. ఒంట్లోంచి సీసం లాగే మందులున్నాయి గానీ అవి డాక్టరే ఇవ్వాలి, అదీ దుమ్ములోంచి బయటికొచ్చాకే.

కాకినాడ_కోడలు:
మరి అత్తయ్య పంపిన పొడి?

ఎలుకల_ల్యాబు:
పెరట్లో ఆకు కోసి ఆరబెట్టిందా, కొన్నదా అడగండి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షిస్తే దాదాపు ఐదో వంతు వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది, 2008లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. కరోనా టైములో తిప్పతీగ వాడి లివర్ పాడైన కేసులు ముంబైలో చూశారు. డాక్టర్‌కి చెప్పేదాకా ఏదీ వేయకండి.

కాకినాడ_కోడలు:
కాలరు చూశాను. గీత ఉంది. బాబు రోజూ పడుకునే చాప ఆ బట్టల బుట్ట పక్కనే ఉంటుంది. చాప తీసేశాను, రేపు ఇద్దర్నీ తీసుకెళ్తున్నా.