హైకూకు డాట్‌నెట్ పోర్ట్: ఈ ఏడాది ఆదివారాలు దానికే ఇవ్వాలా?

పద్మాక్షి గుట్ట

హనుమకొండలో మేము ఆరుగురం కలిసి ఆదివారాలు హైకూ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేస్తున్నామని ఇక్కడ కొందరికి తెలుసు. తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. 1990లలో బీ అనే కంపెనీ బీఓఎస్ అనే సిస్టమ్‌ను తయారుచేసింది. ఆ కంపెనీ ఆస్తులు 2001లో పామ్ చేతికి వెళ్లిపోవడంతో, అభిమానులు దానిని మొదటి నుంచి తిరిగి రాయడానికి పూనుకున్నారు. ఓపెన్‌బీఓఎస్ పేరుతో మొదలైన ఆ పనికే 2004లో హైకూ అని పేరు పెట్టారు. ఇది లినక్స్ కాదు, దీని కెర్నల్ (యంత్రాన్ని నేరుగా నడిపే మూల భాగం) వేరు. ఐదవ బీటా 2024 సెప్టెంబరులో వచ్చింది.

ఈ ఏడాది మా ముందు రెండు పనులు ఉన్నాయి. రెండూ చేసేంత బలం మాకు లేదు. మొదటిది డాట్‌నెట్ పోర్ట్, అంటే సీ షార్ప్ భాషలో రాసిన ప్రోగ్రాములను నడిపే మైక్రోసాఫ్ట్ వేదికను హైకూ మీద కూడా నడిచేలా మార్చడం. 2023లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద డాట్‌నెట్‌ను హైకూకు తెచ్చే పని మొదలైంది, కొంత దూరం బాగానే నడిచింది. దానిని అందుకుని ముందుకు తీసుకువెళ్లవచ్చు. రెండవది, హైకూ సొంత ప్రోగ్రాములలో తెలుగు సరిగా కనిపించేలా చేయడం. ఇప్పుడు అక్కడ 'కి' అని టైపు చేస్తే క తలకట్టు అలాగే ఉండి, గుడి దాని పక్కన వేరుగా పడుతుంది. 'హన్మకొండ' అని రాస్తే మ వత్తు కిందికి దిగదు.

నా అభిప్రాయం పోర్ట్ వైపే ఉంది. మా దగ్గరికి వచ్చే విద్యార్థులలో ఎక్కువ మందికి సీ షార్ప్ వచ్చు. హైకూ ఏపీఐ (ప్రోగ్రాములు సిస్టమ్‌తో పని చేయించుకునే పిలుపులు) మొత్తం సీ ప్లస్ ప్లస్‌లో ఉండడం వల్ల, ఉత్సాహంగా వచ్చినవారు రెండవ వారానికి పాయింటర్ల దగ్గర ఆగిపోయి మూడవ వారం రావడం మానేస్తున్నారు. డాట్‌నెట్ ఉంటే వారు తమకు వచ్చిన భాషలోనే పని మొదలుపెడతారు. అంతేకాక దాని మీద నడిచే అవలోనియా అనే తెర ఫ్రేమ్‌వర్క్ బటన్లను, అక్షరాలను తానే గీసుకుంటుంది, అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతుంది. అంటే అది వచ్చిన నాడు తెలుగు వత్తులు, గుణింతాలు వాటంతట అవే సరిగా వస్తాయి. ఒక దెబ్బకు రెండు పిట్టలు అనిపిస్తోంది. మీరేమంటారు?

కాజీపేట లోకో

తమ్ముడూ, నేను పోయిన చలికాలం మూడు నెలలు ఈ పోర్ట్‌తో కుస్తీ పట్టాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. నేను దీనికి వ్యతిరేకం.

డాట్‌నెట్‌ను హైకూ మీదనే మొదటి నుంచి నిర్మించలేము. రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే దాని కంపైలర్ కూడా సీ షార్ప్‌లోనే రాసి ఉంది, కాబట్టి డాట్‌నెట్‌ను నిర్మించడానికి ముందు ఒక డాట్‌నెట్ ఉండాలి. అందువల్ల మొదటి బిల్డ్ లినక్స్ మీద చేసి ఇక్కడికి తేవాలి. తెచ్చిన తరువాత చిన్న చిన్న ఊహలు ఒక్కొక్కటిగా తగులుతాయి. నెట్‌వర్క్ సాకెట్లు సీ లైబ్రరీలో ఉంటాయని ఆ కోడ్ అనుకుంటుంది, కానీ హైకూలో అవి వేరే లైబ్రరీలో ఉంటాయి. థ్రెడ్ల లైబ్రరీ వేరుగా ఉంటుందని అనుకుంటుంది, హైకూలో అది మూల లైబ్రరీలోనే కలిసిపోయి ఉంది. సిస్టమ్ ఫోల్డర్‌లో ఏదైనా రాయబోతే, అది ప్యాకేజీల నుంచి కూర్చిన, చదవడానికి మాత్రమే వీలున్న ఫోల్డర్ కనుక రాయనివ్వదు. ఇక మెమరీ సంగతి. డాట్‌నెట్ 7 నుంచి అందులోని చెత్త సేకరణ యంత్రాంగం (వాడకం అయిపోయిన మెమరీని తిరిగి తీసుకునేది) ప్రోగ్రాము మొదలైన వెంటనే 256 జీబీల చిరునామా స్థలాన్ని ముందుగానే రిజర్వు చేసుకుంటుంది. అది నిజమైన మెమరీ కాదు, చిరునామాలు మాత్రమే. అయినా దానిని కెర్నల్ ఒప్పుకునే తీరు ప్రతి సిస్టమ్‌లోనూ వేరుగా ఉంటుంది. వీటన్నిటికంటే నాకు ఎక్కువ నిద్ర చెడగొట్టినది నల్ రిఫరెన్స్ పట్టుకునే విధానం. ప్రోగ్రాము ఖాళీ చిరునామాను తాకినప్పుడు ప్రాసెసర్ ఇచ్చే తప్పును సిగ్నల్‌గా పట్టుకుని, ఆ క్షణంలో రిజిస్టర్లలో ఏమున్నదో చదివి, దానిని సీ షార్ప్ ఎక్సెప్షన్‌గా మార్చాలి. ఇది కెర్నల్‌తో నేరుగా తేల్చుకోవలసిన వ్యవహారం.

అయినా ఇవన్నీ ఒకసారి చేస్తే అయిపోయే పనులు, కొన్ని ఇప్పటికే అయ్యాయి. నవంబరు మాత్రం ఏటా వస్తుంది. డాట్‌నెట్ 8 2023 నవంబరులో, 9 మరుసటి నవంబరులో, 10 ఆ మరుసటి నవంబరులో వచ్చాయి. మూడేళ్ల మద్దతు ఉన్న 8కి కూడా 2026 నవంబరులో గడువు తీరిపోతుంది. ప్రతిసారీ రన్‌టైమ్, అంటే ప్రోగ్రాములను నడిపించే భాగం, లోపల ఏదో ఒకటి మారుతుంది. ఆ మార్పు చేసేవారి దగ్గర హైకూ యంత్రం ఉండదు కనుక, ఇక్కడ ఏమి విరిగిందో వారికి తెలియదు. మనకంటే ఎన్నో రెట్లు వాడుకరులు ఉన్న ఫ్రీబీఎస్‌డీకే మైక్రోసాఫ్ట్ అధికారిక బైనరీలు ఇవ్వదు. ఆ సముదాయమే తన పోర్ట్స్ వ్యవస్థలో కట్టుకుని, తానే కాపాడుకుంటోంది.

మనం పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల నడుమ పెరిగిన వాళ్లం. కట్ట వేయించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, ఏటా పూడిక తీసిన వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. ఈ పోర్ట్‌కు కట్ట వేయడానికి నువ్వు ఉన్నావు, నాకు సందేహం లేదు. వచ్చే నవంబరులో పూడిక ఎవరు తీస్తారో పేరు చెప్పు, నేను నా మాట వెనక్కి తీసుకుంటాను.

కరీంనగర్ మేడమ్

కాజీపేట గారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే మనిషిని.

మొదట ఒక మాట. పోర్టులు లేకపోతే హైకూను ఈ రోజు ఎవరు వాడేవారు? లిబ్రేఆఫీస్ అక్కడికి వచ్చింది క్యూటీ అనే తెర ఫ్రేమ్‌వర్క్ పోర్ట్ మీద ఎక్కి కదా. క్యూటీ ప్రోగ్రాములలో తెలుగు ఇప్పటికే సరిగా కనిపిస్తున్నదంటే, హార్ఫ్‌బజ్ క్యూటీతో పాటు వచ్చింది కనుకనే. ఆ పోర్ట్ మొదలుపెట్టినవారిని కూడా 'రేపు ఎవరు చూస్తారు' అని అడిగి ఆపేసి ఉంటే ఏమయ్యేది?

ఇక రెండవ పని సులువైనట్టు ఎవరూ అనుకోవద్దు. హైకూలో తెర మీద అక్షరాలు గీసేది యాప్ సర్వర్. దానిలో గ్లిఫ్ లేఅవుట్ ఇంజిన్ అనే భాగం ఒక్కొక్క యూనికోడ్ అక్షరాన్ని తీసుకుని, దానికి ఒక గ్లిఫ్ (ఫాంట్‌లోని ఆకారం) వెతికి, వరుసగా పేర్చుకుంటూ పోతుంది. ఆంగ్లానికి అది చాలు. మనకు 'క్ష' అంటే మూడు కోడ్‌లు, ఒక ఆకారం. దీనిని యాప్ సర్వర్ లోపల సరిచేస్తే సరిపోతుందని అనుకుంటే, ఏపీఐలోనే ముడి ఉంది. ఫాంట్ తరగతిలో గెట్ ఎస్కేప్‌మెంట్స్ అనే పిలుపు ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పును వరుసగా తిరిగి ఇస్తుంది. 'క్ష'లో పొల్లుకు వెడల్పు ఎంత అని చెప్పాలి? సున్నా అని చెబితే కర్సర్ ఎక్కడ నిలబడాలి? బ్యాక్‌స్పేస్ నొక్కితే మొత్తం 'క్ష' పోవాలా, ష వత్తు మాత్రమే పోవాలా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా బొమ్మ మాత్రం సరిగా గీస్తే, చదవడానికి బాగుంటుంది, రాయడానికి నరకంగా ఉంటుంది. ఇది ఆరుగురు ఆదివారాలలో ముగించే పని అని నేను నమ్మను. నా విద్యార్థులకు ఈ ఏడాదిలోనే చేతికి అందే పని కావాలి.

జమ్మికుంట

నేను ప్రోగ్రామర్‌ను కాను, విత్తనాల దుకాణం నడుపుతాను. పాత 4 జీబీ మెషీన్ మీద హైకూ చాలా చురుకుగా నడుస్తున్నదని మా మేనల్లుడు పెట్టి ఇచ్చాడు, రెండేళ్లుగా వాడుతున్నాను. నాకు ఒకటే సందేహం. నా ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటాయి, 'పత్తి విత్తనాలు బాకీ' అని. ట్రాకర్‌లో ఆ పేరు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. డాట్‌నెట్ వస్తే అది సరవుతుందా?

పద్మాక్షి గుట్ట

లేదండీ, సరికాదు. ట్రాకర్ హైకూ సొంత ఫైల్ మేనేజర్, అది అక్షరాలు గీయమని యాప్ సర్వర్‌నే అడుగుతుంది. డాట్‌నెట్, క్యూటీ తమ కిటికీ లోపల మాత్రమే తమ అక్షరాలు గీస్తాయి. నిజం చెప్పాలంటే నేను ఈ కోణంలో ఆలోచించలేదు. మెనూలు, నోటిఫికేషన్లు, కిటికీల పైన పేర్లు, ఇవన్నీ కూడా అంతే. ఎన్ని ఫ్రేమ్‌వర్క్‌లు తెచ్చినా 'బాకీ'లో గుడిదీర్ఘం విడిగానే ఉంటుంది.

కాజీపేట లోకో

జమ్మికుంట అన్న అడిగినదే నేను అడగవలసింది, పేజీడు రాసి కూడా అడగలేకపోయాను.

మేడమ్, క్యూటీ ఉదాహరణ గురించి మాత్రం ఒక తేడా చెప్పాలి. 2012 చివర వచ్చిన క్యూటీ 5 నుంచి దానిలో ప్లాట్‌ఫామ్ పొర అని ఒక సన్నని గోడ ఉంది. కిటికీ తెరవడం, బొమ్మను తెర మీదికి పంపడం, మౌస్, కీబోర్డు సంఘటనలు అందుకోవడం, ఇంతవరకు మనం రాస్తే మిగిలినది దాని పని. అక్కడ కూడా తలనొప్పి లేకపోలేదు: హైకూలో ప్రతి కిటికీకి సొంత థ్రెడ్ ఉంటుంది, క్యూటీ మాత్రం తెర పని అంతా ఒకే ప్రధాన థ్రెడ్‌లో జరగాలంటుంది, కాబట్టి ప్రతి సంఘటననూ ఒక థ్రెడ్ నుంచి మరొక థ్రెడ్‌కు చేరవేయాలి. అయినా ఆ గోడ ఎక్కడ ఉందో తెలుసు. డాట్‌నెట్ రన్‌టైమ్‌కు, కెర్నల్‌కు మధ్య అంత సన్నని గోడ లేదు. పైగా అది అయ్యాక అవలోనియాకు హైకూ కిటికీల భాగం వేరుగా రాయాలి, లేదా లినక్స్‌లో కిటికీలు చూపే ఎక్స్11 వ్యవస్థకు అనుకరణ పొర మీద నడపాలి. తమ్ముడు చెప్పిన రెండవ పిట్ట ఆ చెట్టు మీద లేదు, ఇంకో చెట్టు మీద ఉంది.

గెట్ ఎస్కేప్‌మెంట్స్ గురించి మీరు చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆ పిలుపును ముట్టుకోకుండా, గీసే దారిని మాత్రం మొదట మార్చవచ్చు. ట్రాకర్‌లో పేర్లు, మెనూలు, శీర్షికలు చదవడానికే కదా ఉన్నాయి. రాసే పెట్టెల సంగతి తరువాత చూడవచ్చు. ఇంకొక అడ్డు ఉంది. 32 బిట్ హైకూ పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడవడం కోసం ఇప్పటికీ జీసీసీ 2.95ను పట్టుకుని ఉంది. నేటి హార్ఫ్‌బజ్‌కు సీ ప్లస్ ప్లస్ 11 కావాలి, ఆ ముసలి కంపైలర్‌కు అది అర్థం కాదు. కనుక 64 బిట్‌తోనే మొదలుపెట్టాలి. లైసెన్సు తగాదా లేదు, హైకూ, హార్ఫ్‌బజ్ రెండూ ఎంఐటీ తరహావే.

కరీంనగర్ మేడమ్

'చదవడానికి ముందు, రాయడానికి తరువాత' అనే విభజన నాకు తట్టలేదు, అది ఆచరణకు వచ్చేదే. అయినా నా అభ్యంతరం పోలేదు. గీసిన వెడల్పు ఒకటి, ఏపీఐ చెప్పిన వెడల్పు మరొకటి అయితే మెనూలో పదం చివర కత్తిరించి కనిపిస్తుంది. పదం మొత్తం వెడల్పు చెప్పే పిలుపును కూడా అదే రోజున మార్చకపోతే ఈ పని మొదలుపెట్టవద్దు. సీ ప్లస్ ప్లస్ రాని నా విద్యార్థులు ఇందులో ఏమి చేయాలన్న ప్రశ్న కూడా అలాగే ఉంది.

పద్మాక్షి గుట్ట

వెడల్పు పిలుపు గురించి మేడమ్ పెట్టిన షరతుకు ఒప్పుకుంటున్నాను. రాత్రి మా ఆరుగురం మాట్లాడుకున్నాము. ఇద్దరు పోర్ట్‌ను వదలడానికి ఒప్పుకోలేదు, వారిని నేను బలవంతం చేయను. మా దగ్గర మిగిలిపోయిన ప్యాచ్‌లను మూల ప్రాజెక్టుకు పంపేవరకు వారు ఆ పనిలో ఉంటారు. కొత్త వెర్షన్ వెంట పరుగెత్తడం మాత్రం ఉండదు. మిగిలిన నలుగురం గ్లిఫ్ లేఅవుట్ ఇంజిన్ తెరుస్తాము. నవంబరులో పూడిక తీసే మనిషి పేరు చెప్పమని కాజీపేట అన్న అడిగారు. చెప్పలేకపోయాను, అందుకే ఈ నిర్ణయం.

మేడమ్, మీ విద్యార్థులకు పని ఉంది, దానికి సీ ప్లస్ ప్లస్ అక్కరలేదు. గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాలు, 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మూడు హల్లుల గుంపులు, పొల్లుతో ముగిసే 'వరంగల్' వంటివి, ఇలా పరీక్షా పదాల పట్టిక కావాలి. ప్రతి పదం పక్కన అది ఎలా కనిపించాలో హార్ఫ్‌బజ్ వాడే ప్రోగ్రాములో తీసిన బొమ్మ ఉండాలి. మేము చేసిన ప్రతి మార్పు తరువాత ఆ బొమ్మలతో పోల్చి చూస్తాము.

కరీంనగర్ మేడమ్

పట్టిక ఇస్తాము. పోర్ట్ విషయంలో మీరు తొందరపడ్డారనే ఇప్పటికీ అంటాను, అది వేరే మాట. పట్టికలో మొదటి మాటగా జమ్మికుంట గారి ఫైలు పేరే రాయిస్తున్నాను. అందులో త వత్తు రెండు చోట్ల ఉంది, గుడి రెండు చోట్ల ఉంది, గుడిదీర్ఘం కూడా ఉంది.

జమ్మికుంట

ఇంకో ఫైలు కూడా ఉందండీ, 'మిర్చి రేట్లు' అని. అవసరమైతే అది కూడా రాసుకోండి.