జాంగో కొత్త వెర్షన్ ఎనిమిది నెలలకోసారి అవసరమా?

కొత్త లీడ్:
అందరికీ నమస్కారం. మేం నలుగురం ఒక కాలేజీ ఫీజుల పోర్టల్ చూసుకుంటాం. అది జాంగో 4.2 మీద ఉంది (జాంగో అంటే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టుకునే ఫ్రేమ్‌వర్క్). దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2026 ఏప్రిల్ వరకే. 4.2 తర్వాత 5.0, 5.1, 5.2, 6.0 వరసగా వచ్చేశాయి. ఇలా క్యాలెండర్ చూసి వెర్షన్ వదలడం దేనికి? చెప్పుకోదగ్గ ఫీచర్ తయారైనప్పుడే ఇస్తే మాలాంటి చిన్న టీములకు టెన్షన్ తగ్గుతుంది కదా?

ప్యాకేజీ కాపరి:
మీ బాధే నాదీనండి. ఖాళీ వేళల్లో జాంగోకు తగిలించుకునే ఒక చిన్న ప్యాకేజీ చూసుకుంటున్నాను, రూపాయి రాదు. కొత్త వెర్షన్ వచ్చిన వారానికే "మీది ఇంకా సపోర్ట్ చేయదా?" అని అడగడం మొదలుపెడతారు. పైగా ఒకసారి డిసెంబర్, తర్వాత ఆగస్టు, ఆ తర్వాత ఏప్రిల్. ఏడాదికోసారి, ఎప్పుడూ ఒకే నెలలో వస్తే సెలవు పెట్టుకునైనా కూర్చుంటాను.

పాత కోడు:
తమ్ముడూ, "తయారైనప్పుడే ఇవ్వాలి" అన్నది నేను ఒప్పుకోను. జాంగో ఆ దారిలో నడిచి చూసింది. 0.96 వచ్చింది 2007 మార్చిలో, 1.0 వచ్చింది 2008 సెప్టెంబర్‌లో. ఆ ఏడాదిన్నర ఆగలేక చాలామంది రోజూ మారిపోయే, ఇంకా విడుదల కాని ట్రంక్ కోడునే సర్వర్ల మీద పెట్టుకున్నారు.

డేటాబేస్ టేబుల్‌లో రెండు కాలమ్‌లు కలిపి ప్రైమరీ కీ (ప్రతి వరసనీ విడిగా గుర్తించే విలువ) పెట్టుకోవాలన్న కోరిక 2005 నాటిది, టికెట్ నంబర్ 373. చేతికొచ్చింది 2025 ఏప్రిల్‌లో, 5.2తో. దానికోసం రిలీజ్ ఆపి ఉంటే మన గతేంటి? తేదీ ఖాయంగా ఉంటే రాసేవాళ్లకీ ధీమా. ఈసారి అందకపోయినా ఎనిమిది నెలల్లో ఇంకో విడత ఉంది కాబట్టి ఉడికీ ఉడకనిది తోసేయాల్సిన పని లేదు. 5.2 ఆల్ఫా, అంటే పరీక్షకిచ్చే తొలి రూపం, ఆ ఏడాది జనవరి మధ్యలో వచ్చింది, అక్కడితో కొత్త ఫీచర్లు బంద్. ఏప్రిల్ 2 దాకా పదకొండు వారాలు బగ్‌ల పనే.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక షాపు బిల్లింగ్ కోడు 1.8 మీద ఉండేది. ఒకేసారి 2.2కి దూకాం. సర్వర్ లేవలేదు. ఫారిన్‌కీ (ఒక టేబుల్‌ని ఇంకోదానికి కలిపే లింకు) ఉన్న ప్రతిచోటా ఆన్_డిలీట్, అంటే అవతలి రికార్డు తీసేస్తే ఏం చేయాలో, ఇవ్వలేదని ఎర్రర్. 2.0 నుంచి అది తప్పనిసరి. మోడల్స్ ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి, "ఈ కస్టమర్‌ని తీసేస్తే అతని బిల్లులూ పోవాలా, ఉండాలా?" అని తేల్చుకుంటూ అరవై పైచిలుకు చోట్ల రాశాం. రాత్రి రెండైంది. తీరా చూస్తే 1.9 నుంచే జాంగో హెచ్చరిస్తూ ఉందట. మధ్యలో 1.11 దగ్గర ఆగి ఉంటే పగటిపూట తీరిగ్గా అయిపోయే పని.

అందుకే ప్రతి వెర్షన్ వెంటా పరిగెత్తొద్దు. చివర .2 ఉన్నవి ఎల్‌టీఎస్‌లు (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్లు), మూడేళ్లు ప్యాచ్‌లు వస్తాయి. 4.2 నుంచి 5.2కి వెళ్లండి, 2028 ఏప్రిల్ దాకా నిశ్చింత. ముందు 4.2 మీదే టెస్టులను పైథాన్ మైనస్ డబ్ల్యూఏ (-Wa) ఆప్షన్‌తో నడపండి. అది పెట్టకపోతే చాలా హెచ్చరికలు కంటికి కనపడవు.

ప్యాకేజీ కాపరి:
యాప్ రాసేవాళ్ల వైపు నుంచి మీ మాట సరేనన్నా. ప్యాకేజీ రాసేవాడు ఎల్‌టీఎస్ ఒక్కటే చూస్తానంటే కుదరదు. 6.0కి పైథాన్ 3.12 కావాలి, చాలా సర్వర్ల మీద ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04తో వచ్చేది 3.10. 6.0కి మారినవాళ్లూ, పాత పైథాన్ మీదే ఉన్నవాళ్లూ నా దగ్గరికి వస్తారు, ఎవరినీ పొమ్మనలేను.

పాత కోడు:
ఆ భారం నిజమే. పన్నెండు నెలలు చేద్దామంటే నేను అడ్డు చెప్పను. కాకపోతే అందని ఫీచర్ ఏడాది ఆగాలి, ఎలాగోలా ఎక్కించేయమనే ఒత్తిడి అప్పుడు పెరుగుతుంది. వ్యవధి ఎంతైనా పెట్టుకోనీ, తేదీ మాత్రం ముందే చెప్పాలి, ఏ ఒక్క ఫీచర్ కోసమూ జరపకూడదు.

కొత్త లీడ్:
ఇప్పుడే నడిపాను అన్నా. పద్నాలుగు హెచ్చరికలు వచ్చాయి. పదకొండు మావే, అన్నీ ఇండెక్స్_టుగెదర్ (కొన్ని కాలమ్‌లకు కలిపి ఇండెక్స్ పెట్టే పాత సెట్టింగ్) గురించి. 5.1లో దాన్ని తీసేశారట. మిగతా మూడూ మేం వాడే ఒక ప్యాకేజీవి, చివరి కమిట్ రెండేళ్ల కిందటిది. కాపరి గారూ, మీ మాట చదివాక ఆ మెయింటెయినర్‌ని "ఎప్పుడు చేస్తారు?" అని అడగబుద్ధి కాలేదు. ప్యాచ్ మేమే రాసి పంపుతాం. పంపేముందు ఒకసారి చూసిపెడతారా?