సమస్య: పుట్టకున్న జగము పుట్టెననిరి (వచ్చిన పూరణలు, చర్చ)

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "పుట్టకున్న జగము పుట్టెననిరి". ఇచ్చిన పాదం మార్చకుండా ముందు మూడు పాదాలు రాసి, పుట్టని జగం పుట్టిందనడంలోని విరోధానికి అర్థం కుదర్చాలి. విశ్వం పుట్టుక మీద ఎవరి సిద్ధాంతమైనా వాడుకోవచ్చునని, సొంత సిద్ధాంతానికీ అభ్యంతరం లేదని చెప్పాను. ఆ రెండో మాటకే ఎక్కువ స్పందన వచ్చింది. ఉత్పలమాలలు పంపిన ఇద్దరికీ నమస్కారం. ఆటవెలది పాదం ఉత్పలమాలలో ఇమడదు.

కాకినాడ మాస్టారు:

హాయిలాది బుధులు ఆద్యంతములు లేని
జగతి నిలిచి యుండు సతత మనిరి
పెద్ద పేలుడనుచు బెల్జియం పాద్రులు
పుట్టకున్న జగము పుట్టెననిరి

నా మాట: సమస్యలోని విరోధాన్ని రెండు పక్షాలుగా విడదీసి పరిష్కరించారు. దారి సరైనదే. 1948లో హాయిల్, బాండి, గోల్డ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు స్థిరస్థితి సిద్ధాంతమని చెప్పింది అదే: విశ్వం విస్తరిస్తున్నా ఖాళీ అయిన మేర కొత్త పదార్థం పుడుతూ ఉంటుంది కనుక మొత్తానికి మొదలూ తుదీ లేవు. మొదటి పాదంలో "బుధులు ఆద్యంత" విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. "బుధులె యాద్యంత" అంటే సరిపోతుంది, యతికీ ఢోకా లేదు. మూడో పాదంలోది మాత్రం శాస్త్రదోషం. బెల్జియం పాద్రి లెమైత్ర్ ఎక్కడా "పెద్ద పేలుడు" అనలేదు. 1931లో ఆయన చెప్పింది విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి పుట్టిందని. "బిగ్ బ్యాంగ్" అన్నవాడు హాయిలే, 1949లో బీబీసీ రేడియోలో. తను ఒప్పుకోని సిద్ధాంతానికి ఆ పేరు పెట్టిందీ ఆయనే. ప్రతివాది మాట తెచ్చి వాది నోట్లో పెట్టారు మాస్టారూ.

కాకినాడ మాస్టారు: నిజమే. మూడో పాదం ఇలా మారుస్తున్నాను: "ఆదిమాణు వనుచు నా బెల్జియపు పాద్రి". పాద్రి ఒక్కడే, "అనిరి" బహువచనం. గౌరవార్థమని సరిపెట్టుకోండి.

నా మాట: సరిపెట్టుకున్నాం.

హనుమకొండ అక్కయ్య:

పావురాల రెట్ట పనియంచుఁ దుడిచిన
రొదయె పోక నిలిచె రోజు రోజు
సృష్టి నాఁటి వేడి శేషమ్మె యిదియని
పుట్టకున్న జగము పుట్టెననిరి

నా మాట: ఎత్తుగడకే సగం మార్కులు! ఇది న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఉన్న కొమ్ము ఆకారపు రేడియో యాంటెనా కథ. పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అందులో చేరిన పావురాలను పట్టి పంపించి, రెట్ట కడిగేసినా యాంటెనాలో వినబడే రొద తగ్గలేదు. ఏ దిక్కుకు తిప్పినా, ఏ ఋతువులో విన్నా ఒక్కటే రొద. 1965లో ప్రకటించారు, 1978లో నోబెల్ వచ్చింది. ఇక తప్పులు. "సృష్టి నాఁటి" అనడం కవి స్వేచ్ఛ అనుకున్నా, ఇప్పుడు రొదగా అందుతున్న ఆ వెలుగు విడుదలైంది విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్ళ తర్వాత. అంతకన్నా పెద్ద లోటు: సమస్యకు ముడి "పుట్టకున్న" అన్న మాటలో ఉంది. జగం పుట్టలేదని ఎవరనుకున్నారో మీ పద్యంలో లేదు. ముడి విప్పకుండానే పెళ్ళి చేశారు.

హనుమకొండ అక్కయ్య: అయితే మూడో పాదం: "నిత్య మన్న వారు నివ్వెఱపోవంగ". ఇప్పుడు చాలా?

నా మాట: అర్థం కుదిరింది. కాని "పోవంగ" ద్రుతాంతం (చివర న-కారం ఉన్న మాట) కదా అక్కయ్యా, దాని తర్వాత "పుట్ట" కాస్తా "బుట్ట" అవుతుంది. బుట్టలో ఉన్న జగం మనకెందుకు? ఇచ్చిన పాదంలో అక్షరం మారకూడదు. "నిత్య మన్న వారె నివ్వెఱపడి వచ్చి" అనండి. చరిత్రకూ సరిపోతుంది. స్థిరస్థితి పక్షంలో గట్టిగా నిలబడిన శాస్త్రజ్ఞుడు డెనిస్ షామా ఆ రొద తర్వాత పక్షం మార్చాడు. హాయిల్ మాత్రం 2001లో పోయేదాకా మారలేదు.

పుణె తమ్ముడు (ఇది తన సొంత సిద్ధాంతమని రాశాడు):

కాంతి యలసి సొలసి కడు నెఱ్ఱబడెఁ గాని
చుక్క లెటకుఁ బోవు? సుంత వినుఁడు
దూర మనెడు మాయ దుర్భిణిఁ గనువారు
పుట్టకున్న జగము పుట్టెననిరి

నా మాట: ఈ వారం పద్యాల్లో ధార ఉన్నది ఇదే. "చుక్క లెటకుఁ బోవు? సుంత వినుఁడు" అన్నప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చెబుతున్నట్టుంది. యతులు, సంధులు శుభ్రం. అయితే సిద్ధాంతం సొంతం కాదు తమ్ముడూ. దూరపు గెలాక్సీల కాంతి ఎరుపు వైపు జరగడానికి కారణం విస్తరణ కాదు, దారిలో కాంతి శక్తి కోల్పోవడమే కావచ్చునని ఖగోళ శాస్త్రజ్ఞుడు జ్విక్కీ 1929లోనే అన్నాడు. అప్పట్లో అది తీసిపారేయదగ్గ మాట కాదు.

పుణె తమ్ముడు: ఎవరు ముందన్నా, తప్పని ఎవరు తేల్చారండీ? పెద్దలు ఒప్పుకోకపోతే తప్పేనా?

కాకినాడ మాస్టారు: పెద్దలు కాదు బాబూ, సూపర్నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు. రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు జరిగిన కొలత) 0.5 ఉన్న చోట టైప్ వన్-ఏ రకం సూపర్నోవా పేలితే, దాని వెలుగు పెరిగి తరిగే కాలం మనకు ఒకటిన్నర రెట్లు సాగి కనబడుతుంది. అలసిన కాంతి ఎర్రబడుతుందే గాని, గడియారం నెమ్మదించదు. విస్తరణ ఉంటే రెండూ ఒకే లెక్కలో వస్తాయి.

పుణె తమ్ముడు: అలసినప్పుడు నెమ్మదిగా కూడా నడుస్తుందనుకుంటే?

కాకినాడ మాస్టారు: మొత్తం కాంతి ఒకేలా ఆలస్యమైతే ఆలస్యంగా వస్తుంది, అంతే. ముందు బయల్దేరినదానికీ వెనక బయల్దేరినదానికీ మధ్య ఎడం పెరగదు.

నా మాట: ఇక్కడ కొంచెం కలగజేసుకుంటాను. సొంత సిద్ధాంతాలతో వచ్చినవాళ్ళలో చాలామంది చేసిన పని ఒకటే: మూడు పాదాలు తమకు నచ్చినట్టు రాసుకుని, నాలుగోదాన్ని సవరించబోయారు. ఆకాశం కూడా సమస్యాదాతే. ఆ 2.7 కెల్విన్ రొద, 1989లో ఎగిరిన కోబె ఉపగ్రహం గీసి చూపిన కృష్ణవస్తు వికిరణపు (ఉష్ణోగ్రతను బట్టే వెలువడే కిరణాల) వంపు, సూపర్నోవాల సాగుడు, ఇవన్నీ ఇచ్చిన పాదాలు. హాయిల్ మొండివాడే, కాని ఆ మర్యాద తెలిసినవాడు. 1993లో బర్బిడ్జ్, మన నార్లికర్‌లతో కలిసి స్థిరస్థితిని కొత్తగా అల్లినప్పుడు రొద లేదనలేదు. నక్షత్రాల కాంతిని అంతరిక్షంలోని సన్నని ఇనుప సూదులు పీల్చి, చల్లార్చి, ఆ రొదగా వదులుతున్నాయన్నారు. నాకది బలవంతంగా అతికించినట్టే ఉంటుంది, ఖగోళ శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమందికీ అలాగే అనిపించింది. అయినా అది పూరణే. తమ్ముడూ, నీ పద్యానికి ఈ వారం మొదటి స్థానం, సిద్ధాంతానికి కాదు.

ఫ్రిమాంట్ చెల్లెమ్మ:

చీమలొక్క నాఁడు సిద్ధాంత మొనరించి
వాన కాలమందు వాదులాడి
తొలుత నొక్క బెడ్డ దొరలంగఁ దమదైన
పుట్టకున్న జగము పుట్టెననిరి

నా మాట: పుట్టకు ఉన్న జగం! అవధానంలో పృచ్ఛకుడు తెల్లబోయే విరుపు. పేలుడు బదులు బెడ్డ దొర్లడం మరీ బాగుంది. ఒక్క అభ్యంతరం: చీమలు అమహత్తు (వ్యాకరణంలో మనుషుల లెక్కలోకి రానివి), "అనిరి" చెల్లదు, "అనెను" కావాలి.

ఫ్రిమాంట్ చెల్లెమ్మ: అన్నయ్యా, వానాకాలమంతా కూర్చుని విశ్వోత్పత్తి మీద వాదించిన చీమలకు మహత్తు ఇవ్వనంటే ఎట్లా?

కాకినాడ మాస్టారు: ఇవ్వాల్సిందే. పైగా "అనెను" పెడితే ఇచ్చిన పాదం మారుతుంది.

నా మాట: సరే, "అనిరి" ఉండనివ్వండి.