అప్‌డేట్: అకాడమీ కుర్రాళ్లతోనే లీగ్‌లో నిలబడ్డాం

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో ఎవర్నీ కొనకుండా, సొంత అకాడమీ పిల్లలతోనే ఇంగ్లండ్ నేషనల్ లీగ్ నార్త్‌లో (అక్కడి ఆరో అంచె లీగ్) టీమ్ నడపడం కుదురుతుందా అని అడిగాను కదా. కుదిరింది, కాకపోతే చివరి మ్యాచ్ దాకా టెన్షనే.

మీరు చెప్పినట్టే ముందు యూత్ డెవలప్‌మెంట్ హెడ్‌ని, అంటే అకాడమీ చూసుకునే మనిషిని, మార్చాను. అకాడమీలోకి వచ్చే కొత్త బ్యాచ్ మీద ఆయన స్వభావం ప్రభావం ఉంటుంది కాబట్టి, గేమ్ ఇచ్చే కోచింగ్ అంకెలు కాస్త తక్కువైనా పట్టుదల ఉన్న మనిషినే తీసుకున్నా. ఆ తర్వాతి బ్యాచ్‌లో ఒక లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) వచ్చాడు: 20కి పాసింగ్ 5, డిటర్మినేషన్ (పట్టుదల) 17. సరిగ్గా పాస్ ఇవ్వడం రాదు గానీ పరుగు మాత్రం ఆపడు! వాడికి 17 ఏళ్లు నిండగానే ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ రాయించేశా, లేదంటే పెద్ద క్లబ్బులు పరిహారం పడేసి ఎగరేసుకుపోతాయి.

గోల్‌కీపర్ సంగతే ఇంకా తేలలేదు. ఉన్నవాడికి పదహారేళ్లు, అవతలివాళ్లకి కార్నర్ వస్తే చాలు, నాకు గుండె దడ.